లేని బీట

గ్రాఫిక్స్ గది,
టీవీ వార్తల ఆఫీసు, మూడో అంతస్తు

వదినకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఉండు, ఇప్పుడే వస్తా" అని పరిగెడతావు. ఆ 'ఇప్పుడే' రెండు రోజులకు గానీ రాదు. కాన్పుల ఆసుపత్రి హెడ్ నర్సుతో కబుర్లు చెప్పుకోవాలంటే కాగితమే గతి అని తేల్చుకుని రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు. దొరక్కపోతే దొరకబుచ్చుకుని చదువు.

ముందు నా గొప్పలు. నాకు ప్రమోషన్ వచ్చింది. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడంత తెర ఉంటుంది చూడు, ఆ తెర మొత్తం ఇకనుంచి నాదే. అన్నయ్య ఇన్నాళ్లూ ఆ అమ్మాయి చెవి రింగులు చూసి ఉంటాడు. ఇకమీదట వాటి వెనక చూడమను, అక్కడ ఉండేది వాళ్ల చెల్లెలి పనితనం.

ఆ తెర మీద పైకి కనిపించేది ఒక బొమ్మ. దాని కింద ఇంకో బొమ్మ ఉంటుంది. మా గదిలో దాన్ని 'అడుగు పొర' అంటాం. ఉందా లేదా అన్నంత పల్చగా వేస్తాం. ధరలు తగ్గాయన్న వార్తకు తెల్లవారే వెలుగు, దొంగతనానికి తడిసిన రోడ్డు, ఎవరో పదవిలోంచి దిగిపోతే రాలుతున్న ఆకులు. ఒక్కో రకం వార్తకు ఒక్కో పొర ముందే తయారుగా ఉంటుంది. వంటింట్లో డబ్బాల్లాగా పేర్లు రాసి పెట్టుకుంటాం. వార్త రాగానే మూత తీసి చల్లడమే. చూసేవాళ్లెవరూ దాన్ని పట్టుకోలేరు. పట్టుకుంటే మా పని చెడినట్టే. "కంటికి ఆనకూడదు, మనసుకు తగలాలి" అంటాడు మా ఎడిటర్. ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఈ అంతస్తులో లేరని ఆయనే అందరి ముందూ అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నానంటే నమ్మకు.

మీ ఆసుపత్రి కూడా మా వార్తల్లోకి ఎక్కింది. దాన్ని ఉంచాలా, ఊరి అవతల పెద్దాసుపత్రిలో కలిపేయాలా అని మునిసిపాలిటీ వాళ్లు కొట్టుకుంటున్నారు కదా, ఆ ముచ్చట రోజూ సాయంత్రం చెబుతున్నాం. మీ భవనం ఫోటో నేనే ఏరాను. ఎండ నిండుగా పడి, లేబర్ రూమ్ కిటికీ కూడా మెరుస్తూ ఉన్న ఫోటో. నా ఇంటిమనిషి పనిచేసే చోటు, ఆ మాత్రం అభిమానం ఉండదా.

నాకు ఐదో నెల. వాంతులు పోయాయి, ఆకలి వచ్చింది. కాన్పుకు నీ దగ్గరికే రమ్మన్నావు. చూద్దాం వదినా, ఇంకా బోలెడు టైముంది.

నీ మరదలు


నర్సుల గది,
ప్రసూతి ఆసుపత్రి

మరదలు పిల్లకు,

నీ ప్రమోషన్ సంగతి మీ అన్నయ్య వీధి ఆ చివరనుంచి ఈ చివరదాకా చెప్పొచ్చాడు. అడగనివాళ్లకు కూడా చెప్పాడు. నాకు సంతోషంగా ఉంది. అయితే ఆ 'చూద్దాం' ఏమిటి? నా చేతుల్లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు కడుపుతో నా దగ్గరికే వస్తున్నారు. నా సొంత మరదలు చూస్తానంటుంది. ఏం చూస్తావు, సినిమానా?

ఇక్కడి సంగతి చెబుతాను. మునిసిపాలిటీ ఒక కమిటీ వేసింది. జనం వస్తుంటే ఆసుపత్రి ఇక్కడే ఉంటుంది, రాకపోతే తాళం పడుతుంది. నాకు తాళం భయం ఎప్పుడూ లేదు. మొన్నటిదాకా ఒక తల్లి లేచిన మంచం మీద దుప్పటి మార్చేలోపే ఇంకో తల్లి వచ్చి కూర్చునేది. కానీ ఈ నెల్లో ఏదో తేడా వచ్చింది. పేరు రాయించుకున్నవాళ్లే చల్లగా జారుకుంటున్నారు. గొడవ లేదు, ఫిర్యాదు లేదు. కారణం అడిగితే నీళ్లు నములుతారు.

ఇంకో వింత. మొన్న ఒకావిడ కోడల్ని తీసుకొచ్చింది. కోడల్ని లోపలికి పంపి తను వరండాలో గోడలు చూస్తూ తిరిగింది. ఏం కావాలమ్మా అన్నాను.

"ఆ బీట ఎటువైపుందమ్మా?" అంది.

"ఏ బీట?"

"అదేనమ్మా, గోడ బీటలు వారిందట కదా. అందరికీ తెలిసిందేగా."

నవ్వి పంపించేశాను. మర్నాడు ఇంకొకరు అడిగారు. ఆ తర్వాత ఒక భర్త అడిగాడు. నాకు ఒళ్లు మండి మునిసిపాలిటీ ఇంజినీరును పిలిపించాను. ఆయన సుత్తి పట్టుకుని భవనం చుట్టూ తిరిగి, మెట్ల కిందకి కూడా దూరి, చొక్కా నిండా బూజుతో బయటికొచ్చాడు. "ఈ గోడ మనిద్దర్నీ సాగనంపి కూడా నిలబడే ఉంటుందమ్మా" అన్నాడు.

రోజూ సాయంత్రం మీ వార్త వింటున్నాను. వార్తలు చదివే ఆ అమ్మాయి గోడ ఊసే ఎత్తదు. గిట్టనివాడెవడో పుకారు లేపాడు. దొరకనీ, వాణ్ణి నిలబెట్టి కడిగేస్తాను. నువ్వు పాలు మానకు.

వదిన


గ్రాఫిక్స్ గది

వదినకు,

పుకార్లు పుట్టించేవాళ్లకు వేరే పనేముంటుంది, నువ్వు మనసులో పెట్టుకోకు. మా వైపునుంచి ఏ పొరపాటూ లేదు. మీ ఆసుపత్రి మీద ఇంతవరకూ చదివిన ప్రతి వాక్యం ఎడిటర్ దగ్గర కూర్చుని మళ్లీ చూశాను. ఒక్క తప్పు మాట లేదు, ఒక్క అబద్ధం లేదు. గోడ అన్న మాటే లేదు.

కాన్పు విషయం. మా ఇంటి పక్క వీధిలోనే ఒక ఆసుపత్రి ఉంది. మా ఆయనకు సెలవు దొరకడం కష్టం. పైగా నెలలు నిండాక రైలు కుదుపులు మంచిది కాదంటారు. ఇక్కడి డాక్టరు కూడా నెమ్మదస్తురాలట. నీకు అక్కడ పని ఒత్తిడి, నా వల్ల ఇంకో భారం ఎందుకు? నువ్వు ఏమీ అనుకోవని తెలుసు.

పిల్ల లోపల బాగా తిరుగుతోంది. పిల్లే అని ఎందుకో నాకు గట్టిగా అనిపిస్తోంది.

మరదలు


నర్సుల గది

తెర మొత్తం తమదే అయిన ఇన్‌ఛార్జి గారికి,

కారణాలు ఐదు రాశావు. ఒక్కటే ఉంటే నమ్మేదాన్ని. అది తర్వాత తేల్చుకుందాం. ముందు నేను చూసింది చెప్పనీ.

మా హాల్లో ఒక టీవీ ఉంది. నిన్న సాయంత్రం ఒక పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రలోకి జారుకుంది. ఎక్కడ లేస్తుందోనని టీవీ గొంతు పూర్తిగా నొక్కేశాం. నేను బిడ్డ తల్లి పక్కన కూర్చుని టీవీ వైపు చూస్తున్నాను. మీ వార్త వచ్చింది. మాట వినిపించేటప్పుడు కళ్లు ఊరికే ఉంటాయి కాబోలు. మాట లేకపోయేసరికి నా కళ్లకు పని దొరికింది.

మా భవనం కనిపించింది. ఎండ నిండుగానే ఉంది, నువ్వు చెప్పినట్టే. దాని లోపలినుంచి ఇంకేదో తేలుతోంది. కుర్చీ లాక్కుని దగ్గరికెళ్లాను. పైనుంచి కిందికి బీటలు వారిన గోడ. అన్నిటికంటే పెద్ద బీట సరిగ్గా లేబర్ రూమ్ కిటికీ మీదుగా దిగింది. వెనక్కి జరిగితే మాయమైంది. మళ్లీ దగ్గరికెళితే ఉంది. బిడ్డ తల్లి నన్ను చూసి "ఏమైంది సిస్టర్" అంది. ఏం చెప్పను ఆ పిల్లకు?

ఇవాళ పొద్దున కమిటీ పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఆయన ఇంతవరకూ మా గడప తొక్కలేదు. "ఆ బీట బాగుచేయించాలంటే ఎంతవుతుందో కాస్త కనుక్కుని పెట్టండి" అన్నాడు. ఏ బీటండీ అన్నాను. "అదేనమ్మా, అందరికీ తెలిసిందేగా" అన్నాడు. మొదటి రోజు ఆ అత్తగారు అన్నమాటే, అక్షరం పొల్లు పోకుండా.

వచ్చే నెల ఆ కమిటీ వస్తుంది. ఖాళీ మంచాలు చూస్తుంది. తాళం వేసి పోతుంది. ఇన్నేళ్లుగా నేను నడిపిన వార్డు అది. మా వీధుల్లో ఆడవాళ్లు నొప్పులతో ఊరు దాటి పోవాల్సి వస్తుంది.

ఆ పొర వేసింది నువ్వేనా? నాకు వివరాలు వద్దు. అవునా, కాదా?

వదిన


ఇంటినుంచి

వదినా,

అవును.

నువ్వు వద్దన్నా వివరం రాస్తాను, నాకు రాయకపోతే ఊపిరాడదు. మా దగ్గర 'తగాదా' అని ఒక డబ్బా ఉంది. ఏ రెండు వర్గాలు కొట్టుకున్నా దాన్నే చల్లుతాం. అందులో ఉన్నది బీటలు వారిన గోడ. అన్నదమ్ముల ఆస్తి గొడవకు వేశాను, ఆటగాళ్ల గొడవకు వేశాను, ఇద్దరు నాయకులు తిట్టుకున్నప్పుడు వేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ తగాదాల్లో గోడ లేదు, ఉన్నవి మనిషి ముఖాలే. మీ తగాదాలో నేను పైన పెట్టింది ఒక భవనం. బీట పోయి ఆ భవనం గోడకు అతుక్కుంది. రోజూ అలవాటుగా మూత తీశాను, అలవాటుగా చల్లాను. నిండుగా ఎండ పడ్డ ఫోటో ఏరుకున్నానని మురిసిపోయాను గానీ, కింద ఏం పోశానో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఇంకో మాట. గోడ గురించి నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. అయినా తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, మాటల్లో తప్పులేదు, వాక్యాల్లో తప్పులేదు అని రాశాను. నీ దగ్గర అలా మాట్లాడినందుకు సిగ్గుగా ఉంది.

ఇవాళ సాయంత్రం వార్తలో ఆ పొర తీసేశాను. తీసినట్టు ఎవరూ గమనించలేదు, ఎడిటర్ కూడా.

మరదలు


నర్సుల గది

అమ్మాయ్,

అవునని ఒక్క ముక్కలో చెప్పావు, అందుకు నీ మీద సగం కోపం పోయింది. మిగతా సగం దాచి ఉంచాను, పని పూర్తయ్యాక తేల్చుకుందాం.

నువ్వు పొర తీసేసి వారం దాటింది. ఇక్కడ ఏమీ మారలేదు. నిన్న కూడా ఒకావిడ కూతుర్ని గేటు దగ్గరే నిలబెట్టి, పైకి చూసి, ఆటో ఎక్కించి తీసుకుపోయింది. తెర మీద తుడిస్తే పోతుంది గానీ మనిషి లోపల పడ్డది పోతుందా? నువ్వు గీయడం మానేశావు. వాళ్లు చూడటం మానలేదు.

అందుకని బాగా ఆలోచించాను. నువ్వు ఎవరికీ చెప్పకుండా చెడగొట్టావు, ఎవరికీ చెప్పకుండానే బాగుచెయ్. మా భవనం కింద ఇప్పుడు మంచిది వెయ్. పాలు తాగి నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం వెయ్. నువ్వే రాశావు కదా, కంటికి ఆనకూడదు, మనసుకు తగలాలి అని. తగలనీ. నెల తిరిగేలోపు మంచాలు నిండుతాయి. కమిటీ పెద్దమనిషి కూడా రోజూ చూస్తున్నాడు కాబట్టి ఆయన మనసూ మెత్తబడుతుంది.

ఇది అడగడానికి నాకేం మొహమాటం లేదు. మా ఆసుపత్రి నిజంగానే మంచిది. నిజం కోసం ఒక చిన్న దొంగపని చేయిస్తున్నాను, అంతే. ఫోటో కావాలంటే ఇక్కడ బిడ్డలకు కొదవా? పంపిస్తాను.

వదిన


గ్రాఫిక్స్ గది

వదినా,

నువ్వు అడిగింది చేశాను. తెరకెక్కించలేదు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు. చదివాక తిట్టు.

నీ ఉత్తరం రాగానే మంచి బిడ్డ ముఖం ఒకటి వెతికి, మీ భవనం కింద పల్చగా వేశాను. చాలా బాగా కుదిరింది. నా పనితనం నాకే ముద్దొచ్చింది. గది తలుపు మూసుకుని ఎదురుగా కూర్చుని చూశాను. కాసేపటికి మీ ఆసుపత్రి మీద నాకు ఎంత ప్రేమ పొంగిందంటే, ఇప్పుడే బట్టలు సర్దుకుని బయల్దేరదామనిపించింది. అప్పుడు భయమేసింది. ఎందుకంటే అంతకుముందు నెలనుంచీ నాకు ఆ ఆసుపత్రి పేరెత్తితే వెన్నులో చలి పుట్టేది.

ఇదీ నీ దగ్గర దాచిన అసలు విషయం. నేను పక్క వీధి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నాను. నీకు చెప్పకుండా. కారణం సెలవు కాదు, రైలు కాదు, నెమ్మదస్తురాలైన డాక్టరూ కాదు. మీ లేబర్ రూమ్‌లో నేను పడుకున్నట్టు ఊహించుకుంటే చాలు, తల మీద గోడ విచ్చుకుంటున్నట్టు ఉండేది. ఆ గదిని నేను చూశాను, నీ పిల్లలు పుట్టినప్పుడు అక్కడే తిరిగాను. గోడ బాగుందని తెలుసు. బీట గీసింది నేనేనని తెలుసు. అయినా భయపడ్డాను. రోజూ ఆ బొమ్మ పేర్చేటప్పుడు అందరికంటే ఎక్కువసేపు చూసింది నేనే కదా.

ఇప్పుడు చెప్పు. ఒక బొమ్మకు నీ చేతుల మీద నమ్మకం పోగొట్టుకున్నాను. ఇంకో బొమ్మకు తిరిగి తెచ్చుకుంటే అది నీ మీద నమ్మకం ఎలా అవుతుంది? రేపు ఇంకెవరో మూడో బొమ్మ వేస్తే మీ మంచాలు మళ్లీ ఖాళీ. అందుకే బిడ్డ ముఖం చెరిపేశాను. మొండిదాన్ని అనుకో, పర్వాలేదు.

దానికి బదులు ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన నవ్వాడు. "కింద పొర చూసి ఎవరైనా ఆసుపత్రి మానేస్తారా, నువ్వు కడుపుతో ఉన్నావు కాబట్టి అన్నీ పెద్దగా కనిపిస్తున్నాయి" అన్నాడు. ఆ మాటకు నాకు తిక్క రేగింది. అందర్నీ పిలిచి తలా ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చాను. "రోజూ చెబుతున్న ప్రసూతి ఆసుపత్రిని గుర్తున్నంతలో గీయండి" అన్నాను. కెమెరా అతను గీశాడు, మేకప్ చేసే ఆవిడ గీసింది, టీ ఇచ్చే ఆయన గీశాడు, ఎడిటర్ కూడా చూద్దాంలే అని గీశాడు. కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. ఒకరి కిటికీలు చిన్నవి, ఒకరి మెట్లు వంకర. కానీ గోడ మీద పైనుంచి కిందికి ఒక వంకర గీత మాత్రం అందరి కాగితాల మీదా ఉంది. ఎడిటర్ కాగితం మీద మిగతావాళ్ల కంటే లోతుగా ఉంది.

ఒక్క కాగితం మీద లేదు. వార్తలు చదివే అమ్మాయి గోడను శుభ్రంగా గీసింది. అది చూసి అందరం తలెత్తి ఆమె వంక చూశాం. "నేనెప్పుడూ తెరకు వీపు పెట్టే కూర్చుంటాను కదా" అంది.

ఎడిటర్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "వేరే ఛానెల్ వాడు చెప్పేలోపు మనమే చెప్పేద్దాం. మనం చెబితే నిజాయితీ, వాడు చెబితే దొంగతనం" అన్నాడు. ఆయన లెక్క ఆయనది. నాకు కావలసింది దొరికింది. ఎల్లుండి సాయంత్రం చూడు. గొంతు నొక్కకుండా చూడు.

మరదలు


నర్సుల గది

మరదలికి,

నువ్వు వేరేచోట పేరు రాయించుకున్నావని చదివిన చోటే ఉత్తరం మడిచేశాను. మిగతాది మర్నాడు చదివాను. కోపం కాదు, నాకు బాధేసింది. వీధిలో వాళ్లు పారిపోతే పుకారు అనుకున్నాను. నా ఇంటి పిల్ల పారిపోతుందని ఎలా అనుకుంటాను? మీ అన్నయ్య రెండుసార్లు అడిగాడు ఏమైందని. ఏమీ కాలేదన్నాను. అంతవరకే ఆ సంగతి, ఇక ఎత్తను.

మీ కార్యక్రమం హాల్లో అందరితో కలిసి చూశాను. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి తెర వైపు తిరగడం చూసి మా ఆయాలు కూడా పని ఆపేశారు. "ఈ బొమ్మ కింద ఇంకో బొమ్మ ఉండేది. మీకు చెప్పకుండా వేశాం. ఆ గోడకు బీట లేదు, అది మేం గీసింది" అని చెప్పి, చేత్తో పక్కకు లాగినట్టు ఆ పొరను లాగి చూపించింది. ఒకసారి వేసి, ఒకసారి తీసి, మళ్లీ వేసి. పక్కన కూర్చున్న పెద్దావిడ, "అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అంది. ఆవిడ కూతురు ఇక్కడే చేరి ఉంది. రోజూ రాత్రి గోడ పక్క మంచం తనే తీసుకుని, కూతుర్ని తలుపు పక్కకు మార్చేదట, కారణం ఎవరికీ చెప్పకుండా.

ఇక తమాషా విను. మర్నాటినుంచి జనమే జనం. ఎప్పుడూ టీవీ చూడనివాళ్లు కూడా వచ్చారు. ఎందుకనుకున్నావు, బీట చూడటానికి. ఒకాయన పొద్దున్నే నన్ను పట్టుకుని, "బీట లేదన్నారు కదమ్మా, అది ఎక్కడ లేదో కాస్త చూపించండి" అన్నాడు. చూపించాను. శ్రద్ధగా చూసి, అరచేత్తో తడిమి, "నిజమే, ఇక్కడ లేదు" అని తృప్తిగా వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ గుంపు మధ్యలోకే కమిటీ వచ్చింది. పెద్దమనిషి గోడ మీద వేలితో కొట్టి చూసి, "లేదని నాకు ముందే తెలుసు" అన్నాడు. అయితే అమ్మాయ్, మంచాలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. చూడటానికి వచ్చారు గానీ చేరడానికి రాలేదు. లేదని కళ్లతో చూసినా, బిడ్డను కనాల్సి వచ్చేసరికి కాలు వెనక్కే లాగుతోంది. కమిటీ ఇంకో రెండు నెలలు చూస్తామంది. నేను సరేనన్నాను. జనం ఒక్కొక్కరే పోయారు, ఒక్కొక్కరే వస్తారు. అన్నేళ్లు ఆగినదాన్ని, ఆగలేనా?

నిన్ను రమ్మని ఇక అడగను. నీకు ఎక్కడ ధైర్యంగా ఉంటే అక్కడే కను. ఇది అలిగి అంటున్నమాట కాదు. నర్సుగా చెబుతున్నాను.

వదిన


గ్రాఫిక్స్ గది, కిటికీ పక్క కొత్త బల్ల

వదినకు,

నన్ను తెరనుంచి తీసేశారు. వాతావరణంలో పడేశారు. ఇక రోజూ మబ్బులు గీయడమే. వాన పడుతుందంటే మబ్బు, పడదంటే ఎండ, కింద పొరలు ఉండవు. ఎడిటర్ ఈ మాట చెప్పడానికి మొహమాటపడుతుంటే నేనే ఆయన్ని ఊరడించాను. డబ్బాలన్నీ ఖాళీ చేసి అప్పగించాను. తగాదా డబ్బా మాత్రం ఆయనే చెరిపేశాడు. మిగతావి ఏం చేస్తాడో తెలియదు. ఒకటి నాకు తెలుసు, ఇప్పుడు మా అంతస్తులో అందరూ తెర కింద ఏముందో అడుగుతున్నారు. ఆ అమ్మాయి బులెటిన్ మొదలయ్యే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని గానీ కూర్చోవడం లేదు.

పక్క వీధి ఆసుపత్రిలో నా పేరు కొట్టేయించాను. నీ దగ్గరికే వస్తున్నాను. వచ్చే వారం బయల్దేరతాం, మా ఆయనకు సెలవు దొరికింది. అడిగితే దొరికింది, ముందు అడగనేలేదు.

నీ మీద జాలితో వస్తున్నాననుకోకు. మీ మంచాలు నింపడానికీ కాదు, ఒక్క మనిషితో ఏం నిండుతాయి? నాకు భయం పోయిందనీ అనుకోకు. పోలేదు. నువ్వు ధైర్యం ఉన్నచోట కనమన్నావు. ధైర్యం వచ్చేదాకా కూర్చుంటే పిల్ల ఆగదు కదా. నాకు తెలిసింది ఒకటే. గోడ గురించి భయం నేను గీసింది. నీ చేతుల గురించి నమ్మకం ఎవరూ గీసింది కాదు. రెండూ నాలోనే ఉన్నాయి. రెండోదాని మాట వింటున్నాను.

వార్తలు చదివే అమ్మాయి, "బీట గీసిన ఆవిడే అక్కడ బిడ్డను కంటోంది, మంచి వార్త అవుతుంది, కెమెరా పంపుతాం" అంది. వద్దన్నాను. ఇంకో బొమ్మ వద్దు. మీ వీధిలో వాళ్లకు నేను ఎలాగూ తెలుసు. పొట్ట వేసుకుని నడుచుకుంటూ గేట్లోంచి లోపలికి వస్తాను, చూసినవాళ్లు చూస్తారు.

అన్నయ్యను స్టేషనుకు పంపు.

మరదలు


రెండో గది, కిటికీ పక్క మంచం,
ప్రసూతి ఆసుపత్రి

వదినా,

నువ్వు పక్క గదిలో ఇంకొకరి కాన్పులో ఉన్నావని ఆయమ్మ చెప్పింది. గట్టిగా పిలిస్తే ఆ పిల్ల కంగారుపడుతుందని ఈ చీటీ రాసి పంపుతున్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే వెక్కిరించకు.

హాల్లోంచి వచ్చేటప్పుడు కమిటీ ఆర్డరు చదివాను. ఆసుపత్రి ఇక్కడే ఉంటుందట. గోడ మీద దాన్ని ఎక్కడ అంటించావో కూడా చూశాను. బీట ఉండాల్సిన చోటు చూసి మరీ అంటించావు, నీ పొగరు నాకు తెలియదా. ఈ గదిలో ఒక్క మంచం కూడా ఖాళీ లేదు. ఎదురు మంచం అమ్మాయి, నేను గేట్లోంచి నడుచుకుంటూ రావడం వాళ్ల మేడ మీదనుంచి చూసిందట. మర్నాడే వచ్చి పేరు రాయించుకుందట. నన్ను ఇప్పుడు "అక్కా, భయంగా ఉందా" అని అడిగింది. ఉందన్నాను. "నాకూ" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నీకొక్కదానికే చెబుతున్నాను. ఎదురుగా తెల్లటి గోడ ఉంది. నునుపుగా, గట్టిగా ఉంది. పొద్దున చేత్తో తడిమాను కూడా. అయినా నొప్పి వచ్చినప్పుడల్లా దాని మీద గీత తేలుతోంది. అందరికీ పోయినా నాకు మాత్రం పోదనుకుంటా. ఉంటే ఉండనీ. నేను మాత్రం ఇక్కడినుంచి కదలను.

ఇప్పుడు నొప్పుల మధ్య విరామం రావడం లేదు. త్వరగా రా.

మరదలు


(అదే చీటీ వెనక)

ఆ పిల్లకు మగబిడ్డ. బొడ్డు కోసి వచ్చేస్తున్నా. గోడ వైపు చూడకు, తలుపు వైపు చూడు.

వదిన